వెనక్కి తీసుకున్న ఆజ్ఞ

జోనస్ ఆల్డర్‌సన్ సుత్తి కింద పెట్టాడు. విసిరెయ్యలేదు. సాయంత్రం పనైపోయాక రోజూ ఎలా పెడతాడో అలాగే, తడిగడ్డి మీద, పిడి తన వైపు ఉండేలా పెట్టాడు. తర్వాత అరచేతులు రెండూ తొడలకి తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు.

"తియ్యనయ్యా," అన్నాడు.

ఏటి ఒడ్డున ముప్ఫై మంది సిపాయిలు పని ఆపేశారు. ఎర్రకోట్లు విప్పి పొదల మీద ఆరేసుకుని, చొక్కాలతోనే పొద్దున్నుంచి రాళ్ళు మోస్తున్నారు వాళ్ళు. గంపలు మోసే పొట్టి గుర్రం ఒకటి తల విదిల్చి కంటి చుట్టూ మూగిన సన్న దోమల్ని తోలుకుంది. 

"ఏమన్నావ్?" అన్నాడు సార్జెంటు ప్రౌట్.

"వినబడలేదా సార్జెంటూ? ఈ కమాను కింద చెక్కలు నేను తియ్యను. సోమవారం కమాను నెత్తిన నడిరాయి బిగించాం. ఇవాళ గురువారం. నాలుగు రోజులూ వానే. లోపల సున్నం ఇంకా పెరుగులాగే ఉంది. ఇప్పుడు చెక్కలు లాగితే మొత్తం కూలిపోద్ది. కింద నిలబడి లాగాల్సింది ఆరుగురం. ఆ ఆరుగురికీ వేరే గోరీ కట్టక్కర్లేదు."

గార్వ్ ఏటి మీద కొత్త వంతెన కమాను ఇరవై అడుగుల ఎత్తున నిలబడి ఉంది. నిలబడి ఉందంటే తన బలం మీద కాదు. కట్టేటప్పుడు రాళ్ళు జారిపోకుండా కింద విల్లులా వంచి నిలిపిన చెక్క చట్రం ఇంకా దాన్ని మోస్తూనే ఉంది. చట్రం కాళ్ళ కింద దిగ్గొట్టిన బిగింపు చెక్కల్ని సుత్తితో కొట్టి లాగేస్తే చట్రం నాలుగంగుళాలు కిందికి దిగుతుంది. అప్పుడు కమాను తన బరువు తానే మోసుకోవాలి. ఎండ కాసే చోట పది రోజులు చాలు. స్కాట్లండు కొండల్లో, ఆగస్టు వానల్లో, మూడు వారాలైనా ఆగాలి.

లెఫ్టినెంటు ఆంబ్రోస్ హెస్కెత్ ఒడ్డు మీద కర్ర ఆనించుకుని నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఫ్లాండర్స్ యుద్ధంలో గుండు తగిలిన ఎడమకాలు వాన రోజుల్లో మడత పడదు. నలభై ఏడేళ్ళ మనిషి. ఈ రోడ్డు పనికి వచ్చిన మూడేళ్ళలో సున్నం ఎప్పుడు ఆరుతుందో, ఎప్పుడు ఆరదో అతనికీ తెలిసింది. నేర్పింది జోనస్సే. ఈ పొద్దున మేజరు దగ్గర్నుంచి ఆజ్ఞ వచ్చినప్పుడు, "చెక్కలు తీయించు" అని సార్జెంటుతో అన్నది మాత్రం హెస్కెతే. అనేటప్పుడు అతను కమాను వైపు చూడలేదు.

"నీకు మతి గాని పోయిందా ఆల్డర్‌సన్?" సార్జెంటు గొంతు తగ్గించాడు. "పదిమందిలో అనే మాటా అది? సుత్తి తీసుకో. నేను విననట్టే ఉంటాను."

"విన్నట్టే ఉండు సార్జెంటూ. కావాలంటే మళ్ళీ చెప్తా."

మళ్ళీ చెప్పాడు. ఈసారి ముప్ఫై మందికీ వినపడేలా చెప్పాడు. సార్జెంటు ప్రౌట్ లెఫ్టినెంటు వైపు చూశాడు. హెస్కెత్ ఏమైనా అంటాడని ఒక్క క్షణం ఆగాడు. ఏమీ రాకపోయేసరికి ఇద్దరు సిపాయిల్ని పిలిచి జోనస్‌ని కాపలా గుడారానికి నడిపించుకుపోయాడు.

*

మేజరు డెన్‌హామ్ తన గుడారంలో జనరల్ గారికి మంచం వేయిస్తున్నాడు. పరుపు తడి తగలకుండా కింద పీటలు పెట్టించి, వంగి తనే చేత్తో నొక్కి చూస్తున్నాడు. హెస్కెత్‌ని చూడగానే నౌకర్ని బయటికి పొమ్మన్నాడు.

"కూర్చో ఆంబ్రోస్. కాలు లాగుతోందా, ఈ ముసురుకి?"

"మేజరు గారూ, ఆల్డర్‌సన్ చెప్పింది నిజం."

"నిజమే అయ్యుండొచ్చు. నేను తాపీపని చేసినవాణ్ణి కాను."

"అతను చేసినవాడు. సైన్యంలోకి రాకముందు పద్నాలుగేళ్ళు చేశాడు."

"ఇప్పుడు అతను సిపాయి." డెన్‌హామ్ పరుపు మీద నుంచి చెయ్యి తీశాడు. "ముప్ఫై మంది ముందు చెయ్యనన్నాడు, అదీ రెండుసార్లు. సార్జెంటు రాసిచ్చాడు. రేపు మధ్యాహ్నం విచారణ. కనుమ అవతల పనిలో ఉన్నవాళ్ళని పిలిచే టైము లేదు కనక ఇక్కడున్న అయిదుగురూ కూర్చోవాలి. నువ్వూ కూర్చోవాలి."

"మూడు వారాలు ఆగాలని నేను మీకు ముందే చెప్పాను."

"చెప్పావు. నేను పది రోజులన్నాను. తర్వాత శనివారమే వస్తున్నానని జనరల్ గారి ఉత్తరం వచ్చింది. ఆయన బండి వంతెన మీదుగా దాటాలి. నేనేం చెయ్యను?" డెన్‌హామ్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "జమైకాకి ఒక రెజిమెంటుని పంపుతారని ఎడిన్‌బరో అంతా అనుకుంటున్నారు. అక్కడికి పోయినవాళ్ళలో సగం మంది ఏడాది తిరక్కుండా జ్వరాలతో పోతున్నారు. పని పూర్తి చెయ్యని రెజిమెంటునే పంపుతారట. మూడొందల మంది ప్రాణాలు ఒక పక్క, కొరడా దెబ్బలకి ఒకడి వీపు ఒక పక్క. నా కుర్చీలో కూర్చుని నువ్వే తూచి చెప్పు."

బయట వంటవాడు ఓట్స్ జావ కలుపుతున్న గరిటె చప్పుడు వినిపిస్తోంది.

"ఇంకోటి," అన్నాడు డెన్‌హామ్. "మన కెప్టెన్ బోస్ జ్వరంతో పోయాక ఖాళీ అయిన పదవి. డబ్బు పోసి కొనుక్కోకుండా దొరికేది. నీ పేరు రాసి నేనే పంపాను. కాగితం జనరల్ గారి పెట్టెలో ఉంది. శనివారం సంతకం పెడతారు."

"బెదిరిస్తున్నారా?"

"లేదు, గుర్తు చేస్తున్నాను. నిన్ను బెదిరించడానికి నాకు సిగ్గుగా ఉంటుంది. పదహారేళ్ళప్పుడు నేనీ రెజిమెంటుకి వచ్చిన రోజు, బూట్లకి కొవ్వెలా పట్టించాలో చూపించింది నువ్వు. అప్పుడూ నువ్వు లెఫ్టినెంటువే." ఆ మాట నోరు జారిందని వెంటనే తెలిసినట్టుంది, మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఇరవై మూడేళ్ళు ఎదురుచూశావు ఆంబ్రోస్. ఇంకో రెండు రోజులు ఊరుకో."

"చిత్తం," అన్నాడు హెస్కెత్.

అని బయటికి వచ్చాడు. గుడారాల వరస సగం దాటాక ఆ మాట అతని చెవిన పడింది. ఎవరూ అడగలేదు. నోటికి అలవాటైన మాట తనంతట తనే వచ్చేసింది.

*

శుక్రవారం పొద్దున హెస్కెత్ గడ్డం గీసుకుంటుంటే టాబిత ఆల్డర్‌సన్ వచ్చింది. జోనస్ పెళ్ళాం. దండు వెంట ఉండే ఆరుగురు ఆడవాళ్ళలో ఒకతె. ఆఫీసర్ల బట్టలు ఆవిడే ఉతుకుతుంది. మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులు. ఆ చేతుల మీద రెండు చొక్కాలు, నీళ్ళు కారుతూ.

"ఇవిగో దొరా, మీ చొక్కాలు."

"తడిగా ఉన్నాయే?"

"ఉతికాను. ఆరెయ్యలేదు. తడిసిందాన్ని ఆరేదాకా ఆగడం మీకెవరికీ చేతకాదు గదా. తొడుక్కుని చూడండి ఎలా ఉంటుందో."

చొక్కాలు మంచం మీద పెట్టింది. దుప్పట్లోకి నీళ్ళు ఇంకుతున్నాయి. హెస్కెత్ సగం గీసిన గడ్డంతో, చేతిలో కత్తితో అలాగే నిలబడ్డాడు.

"టాబితా, నాకు చేతనైనంత..."

"మీకు చేతనయ్యేదేంటో ముందు చెప్పండి. మూడొందలంట గదా కొట్టేది? గుడారాల్లో అప్పుడే అనేసుకుంటున్నారు. దెబ్బలు కొట్టే నగారా కుర్రాళ్ళు పొద్దున్నే కొరడా తాళ్ళకి ముడులేసుకుంటున్నారు. విచారణ అవకముందే!" ఆవిడ ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది హెస్కెత్‌కి. "పన్నెండేళ్ళుగా ఆ వీపు నేను రుద్దుతున్నా. రాళ్ళు మోసి కాయలు కాసింది గానీ, దాని మీద తప్పు చేసి తిన్న దెబ్బ గీత ఒక్కటి లేదు."

"నాకు తెలుసు."

"చెక్కలు తియ్యమని సార్జెంటుకి చెప్పిందెవరు?"

"నేనే."

"అది తప్పని మీకు తెలీదా?"

కత్తి మీది సబ్బు నురగ అతని వేళ్ళ మీదికి జారింది. "తెలుసు."

"తెలిసిన మనుషులు ఇద్దరున్నారన్నమాట అక్కడ," అంది టాబిత. "మరి ఒక్కడే ఎందుకు మాట్లాడాడు?"

సమాధానం కోసం ఆగలేదు. గుడారం గుడ్డ పక్కకి తోసుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి హెస్కెత్ మిగతా సగం గడ్డం గీసుకున్నాడు. ఆరిన చొక్కా పెట్టెలో ఒకటుంది. దాన్ని తియ్యలేదు. తడి చొక్కానే తొడుక్కుని, పైన ఎర్రకోటు వేసుకుని, మెడ కింద వెండి బిళ్ళ కట్టుకున్నాడు. ఆఫీసరు డ్యూటీలో ఉన్నాడనడానికి ఆ బిళ్ళే గుర్తు. చల్లదనం వెన్ను పొడుగునా అంటుకుంది.

*

విచారణ ఓట్స్ బస్తాలు దాచే కొట్టంలో జరిగింది. బల్లకి అటుపక్క అయిదుగురు ఆఫీసర్లు. మధ్యలో కెప్టెన్ వేర్. ఇరవై నాలుగేళ్ళవాడు. తండ్రి పదవి కొనిపెడితే నిరుడే వచ్చాడు. చెడ్డవాడు కాదు. నిబంధనల పుస్తకం ముందు పెట్టుకుని, పిండి దుమ్ముకి తుమ్ముతూ, ఎక్కడ తప్పు చేస్తానో అని భయపడుతున్నాడు.

"నీకిచ్చిన ఆర్డరు నీకు అర్థమైందా?"

"అయిందయ్యా."

"మరెందుకు చెయ్యలేదు?"

"అర్థమైంది గనకనే."

చిన్న ఆఫీసర్లలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. వేర్ చెవులు ఎర్రబడ్డాయి.

"సిపాయికి ఇష్టాయిష్టాలు ఉండవు. తెలుసా?"

"తెలుసయ్యా. ఫ్లాండర్స్‌లో ఫిరంగులకి ఎదురుగా నడవమన్నారు. నడిచాను. ఎందుకని అడగలేదు. ఈ లెఫ్టినెంటు గారి పక్కనే నడిచాను. అక్కడ మమ్మల్ని చంపేది అవతలోడు. ఇక్కడ చంపేది నా చేతి పని. నా చేత్తో నేను పేర్చిన రాయి నా పక్కోడి నెత్తిన పడితే, వాడి పెళ్ళానికి నేనేం చెప్పుకోవాలి? ఆర్డరని చెప్పుకోనా?"

"అంటే ఒప్పుకుంటున్నావా, ఆర్డరు ధిక్కరించానని?"

"చెయ్యనన్నాను. దాన్ని మీరేమంటారో రాసుకోండి."

వేర్ రాసుకున్నాడు. తర్వాత పద్ధతి ప్రకారం అందరికంటే చిన్నవాడితో మొదలుపెట్టి అభిప్రాయం అడిగాడు. పెద్దవాళ్ళ మాట విని చిన్నవాళ్ళు మార్చుకోకూడదని ఆ పద్ధతి. మొదటివాడు, "నేరస్తుడు, మూడొందల దెబ్బలు" అన్నాడు. రెండోవాడూ అంతే. మూడో ఆఫీసరు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేరస్తుడు. రెండొందలు చాలు" అన్నాడు.

"హెస్కెత్ గారూ?"

హెస్కెత్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచాడు. ఎడమకాలు వెంటనే నిలబడనివ్వలేదు. జోనస్ అతని వైపు చూడ్డం లేదు. గోడ వారగా కట్టిన రాళ్ళ వరసని చూస్తున్నాడు, ఎవరో ఆ వరస సరిగ్గా పెట్టలేదన్నట్టు.

"కెప్టెన్ గారూ, మీ కలం తీసుకోండి. నేను చెప్పేది మాట పోకుండా రాయాలి."

"అభిప్రాయం చెప్తే చాలండీ..."

"రాయండి. ఈ ఆజ్ఞ నా నోటితో ఇచ్చింది నేను." అతను ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. "అది మనుషుల ప్రాణం తీసే ఆజ్ఞ అని తెలిసే ఇచ్చాను. దాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను. కనక జోనస్ ఆల్డర్‌సన్ ధిక్కరించిన ఆజ్ఞ ఏదీ లేదు."

కొట్టంలో కలం గీసే చప్పుడు సగంలో ఆగిపోయింది.

"ఇలా... ఇలా కుదరదండీ," అన్నాడు వేర్, పేజీలు తిప్పుతూ. "నిన్న ఇచ్చిన ఆర్డరు ఇవాళ వెనక్కి తీసుకోవడం... ఈ పుస్తకంలో ఎక్కడా లేదు."

"కూడదని ఉందా?"

వేర్ వెతికాడు. "కూడదనీ లేదు."

"అయితే రాయండి. మేజరు గారిచ్చిన ఆజ్ఞని వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదని మీరంటే, అప్పుడు ధిక్కరించింది నేను. విచారించాల్సింది నన్ను. ఆఫీసరుని విచారించడానికి ఈ బల్ల సరిపోదు, ఎడిన్‌బరోలో పెద్ద కోర్టు కూర్చోవాలి. అక్కడ సున్నం సంగతంతా నేను చెప్తాను."

మెడ వెనక ముడి విప్పి వెండి బిళ్ళ తీశాడు. కాగితాల పక్కన పెట్టాడు. బల్ల చుట్టూ తిరిగి, కుంటుకుంటూ ఇవతలికి వచ్చి, జోనస్ పక్కన నిలబడ్డాడు. తడి చొక్కా వల్ల కోటు వీపు మీద నల్లగా మరక కట్టింది. అప్పుడు మాత్రం జోనస్ తల తిప్పి చూశాడు.

"చలేస్తోందా అయ్యా?" అని అడిగాడు మెల్లగా.

"వేస్తోంది," అన్నాడు హెస్కెత్.

*

మిగతావాళ్ళ మాట ప్రకారం వేర్ నేరస్తుడనే తీర్పు రాసి, హెస్కెత్ మాటలు కూడా అందులోనే ఉంచి, కాగితాలు మేజరుకి పంపాడు. ఆ సాయంత్రమే సార్జెంటు ప్రౌట్ హెస్కెత్ గుడారానికి కబురు తెచ్చాడు. మీ సంగతీ ఆల్డర్‌సన్ సంగతీ జనరల్ గారే తేలుస్తారు. కమాను సంగతి మాత్రం ఆగదు, పొద్దున గ్రెనేడియర్ సిపాయిల చేత చెక్కలు తీయిస్తాను అన్నాడట మేజరు.

"గ్రెనేడియర్లు బలమైనోళ్ళే అయ్యా," అన్నాడు ప్రౌట్, టోపీ చేతిలో తిప్పుతూ. "ఒక్కొక్కడూ ఆరడుగులు. మీద పడే రాయికి ఆ సంగతి తెలుస్తుందో లేదో మరి." అని, చెప్పకూడనిది చెప్పినట్టు సలాం కొట్టి వెళ్ళిపోయాడు.

శనివారం తెల్లారాక మేజరు డెన్‌హామ్ ఆరుగురు గ్రెనేడియర్లతో ఏటి దగ్గరికి వచ్చేసరికి హెస్కెత్ కమాను కింద ఉన్నాడు. సరిగ్గా నడిరాయి కింద, ఏటి మధ్యలో ఉన్న బండ మీద కూర్చుని, ఎడమకాలు చాపుకుని, రొట్టెముక్క తింటున్నాడు. పైనుంచి రాళ్ళ సందుల్లోంచి తెల్లటి నీళ్ళు చుక్క చుక్కగా అతని టోపీ మీద పడుతున్నాయి.

"బయటికి రా," అన్నాడు డెన్‌హామ్ ఒడ్డు మీంచి.

"కొట్టించండి మేజరు గారూ. చెక్కలు రెండు పక్కలా ఉన్నాయి. నేను అడ్డం రాను."

"ఆంబ్రోస్, బయటికి రమ్మంటున్నాను. ఇది ఆర్డరు."

"వినబడింది. ఈ ఆరుగురూ ఎక్కడ నిలబడి లాగుతారో అక్కడే కూర్చున్నాను. వాళ్ళకి భయం లేని చోటు నాకు మాత్రం ఎందుకు?"

గ్రెనేడియర్లు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు సుత్తిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు గాని, అడుగు ముందుకి వెయ్యలేదు.

డెన్‌హామ్ కత్తి విప్పి పక్కన నిలబడ్డవాడికిచ్చాడు. బూట్లతోనే ఏట్లోకి దిగాడు. పిరికివాడు కాడు. మోకాలి లోతు నీళ్ళలో కమాను కిందికి వచ్చి హెస్కెత్ ఎదురుగా నిలబడ్డాడు.

"నన్నెందుకిలా అల్లరి పెడుతున్నావు?" అన్నాడు. "పన్నెండేళ్ళుగా నీకంటే నమ్మకమైనవాడు నాకెవడూ లేడు. ఒక్కసారి ఎదురు చెప్పావా?"

"లేదు. చెప్పుంటే మీకు మేలు చేసినవాణ్ణయ్యేవాణ్ణి." హెస్కెత్ రొట్టె పక్కన పెట్టాడు. "పైకెక్కి రాళ్ళ సందులో వేలు పెట్టండి. నా మాట వద్దు, జోనస్ మాటా వద్దు. మీ వేలు ఏం చెప్తే అది చెయ్యండి."

డెన్‌హామ్ చట్రం దుంగలు పట్టుకుని కమాను రాళ్ళ దాకా ఎక్కాడు. చేతి తోలు తొడుగు పళ్ళతో లాగేసి, చెక్కల సందులోంచి రెండు రాళ్ళ మధ్య బొటనవేలు ఆనించాడు. పెద్దగా నొక్కనే లేదు. వేలు కణుపు దాకా లోపలికి పోయింది. సున్నం ముద్ద అతని మణికట్టు మీదుగా కారి చొక్కా చేతి అంచు లేసులోకి జారింది.

అతను ఆ వేలు వైపు చూశాడు. తర్వాత కిందికి దిగి, నీళ్ళలో చెయ్యి కడుక్కుని, ఒడ్డెక్కి, గ్రెనేడియర్లతో, "వెళ్ళండి. పొద్దుటి జావ తాగండి," అన్నాడు. కత్తి తీసుకోవడం మర్చిపోయి గుడారం వైపు నడిచాడు.

*

జనరల్ గారి బండి మిట్టమధ్యాహ్నం వచ్చింది. కమాను ఇంకా చెక్కల మీదే ఉందని మేజరు ఎదురెళ్ళి చెప్పబోతే, "ఏది, అదా? బాగుంది, బాగుంది," అని బండి కిటికీలోంచే ఒకసారి చూసి, ఏరు దిగువన లోతు తక్కువున్న చోటునుంచి దాటించమన్నాడు. డెబ్బై ఏళ్ళ పొట్టి మనిషి. బాగా జలుబు చేసింది. గుడారంలోకి రాగానే వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని, భుజాల మీద కంబళి కప్పుకుని కూర్చున్నాడు. కెప్టెన్ వేర్ రాసిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ రెండుసార్లు చదివాడు. ఎదురుగా డెన్‌హామ్, హెస్కెత్, పక్కన సిరాబుడ్డితో వేర్ నిలబడి ఉన్నారు.

"నేను వంతెన చూస్తానని రాశాను," అన్నాడు చివరికి. "దాటతానని ఎవరన్నారు?"

డెన్‌హామ్, "జమైకాకి పంపే రెజిమెంటు విషయంలో..." అని మొదలుపెట్టాడు.

"అది లండన్‌లో తేలుస్తారయ్యా. మీ వంతెన సంగతి వాళ్ళకి తెలియనే తెలీదు. గార్వ్ ఏరు ఎక్కడుందో చూపించమంటే పటంలో చూపించలేరు."

డెన్‌హామ్ మొహంలో రక్తం లేదు. జనరల్ అతని వైపు చూడకుండా తొట్టిలో కాళ్ళు కదిపాడు. నీళ్ళు చల్లారినట్టున్నాయి.

"సరే. ఆ తాపీవాడికి క్షమాభిక్ష పెడుతున్నాను. దెబ్బలు లేవు. సోమవారం నుంచి పనిలోకి పంపండి. ఇక నీ సంగతి," అని హెస్కెత్ వైపు తిరిగాడు. "కెప్టెన్ కాగితం తెచ్చాను. మేజరు నీ గురించి బాగా రాశాడు. కానీ ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకున్నానని కోర్టు కాగితంలో రాయించుకున్నవాణ్ణి కెప్టెన్ని చేస్తే రేపు లండన్‌లో నన్నడుగుతారు. ఒక్క పని చెయ్యి. ఈ నాలుగు వాక్యాలూ కొట్టేద్దాం. పక్కన నువ్వు సంతకం పెట్టు. ఆ కాగితం మీద నేను సంతకం పెడతాను. తాపీవాడికి ఎలాగూ ఏమీ కాదు. ఎవరికీ నష్టం లేదు."

వేర్ కలం సిరాలో ముంచి హెస్కెత్ చేతికిచ్చాడు. జనరల్ గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు. ముసలాయన నిజంగానే మేలు చేద్దామని చెబుతున్నాడు. హెస్కెత్‌కి అది అర్థమైంది. కెప్టెన్. ఆ మాటని అతను ఇరవై మూడేళ్ళుగా పైకి అనకుండా లోపలే పెట్టుకున్నాడు.

"ఇవి కొట్టేస్తే కాగితంలో ఏం మిగులుతుందండీ?" అని అడిగాడు.

"ఏముంది? నేరస్తుడన్న తీర్పు. కింద నా క్షమాభిక్ష."

"అతను చేసిన నేరం ఏదీ లేదండి. క్షమించడానికి ఏమీ లేదు."

"పోనీలేవయ్యా, వీపు మిగిలింది గదా."

"వీపుతో పాటు అతనికి పేరు కూడా ఉంది."

జనరల్ తుమ్మాడు. తుమ్మి, కళ్ళు తుడుచుకుని, ఎదుట ఉన్న మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నువ్వు లెఫ్టినెంటుగానే చచ్చిపోతావు. తెలుసా?"

"చిత్తం," అన్నాడు హెస్కెత్. ఈసారి తెలిసే అన్నాడు.

కాగితం మీద వంగాడు. నాలుగు వాక్యాలనూ కొట్టెయ్యలేదు. వాటి కింద చోటు చూసుకుని, "ఇది నా మాటే. ఆంబ్రోస్ హెస్కెత్, లెఫ్టినెంటు" అని రాశాడు. పదవి పేరు సంతకం కంటే పెద్ద అక్షరాలతో రాశాడు. సిరా మీద ఇసుక చల్లి, ఊది, కలం వేర్ చేతికి తిరిగి ఇచ్చాడు.

"ఇది ఇలా ఉండగా నేను క్షమాభిక్ష ఎలా రాయను?" అన్నాడు జనరల్ విసుగ్గా. "రెండూ ఒకదానికొకటి పొసగవు." కాసేపు ఆలోచించి కలం తీసుకుని, తీర్పు మీద అడ్డంగా గీత గీసి, 'నేరం రుజువు కాలేదు' అని రాసి అవతలికి తోసేశాడు. కెప్టెన్ కాగితాన్ని తిరిగి పెట్టెలో పెట్టించి వేడినీళ్ళు తెమ్మన్నాడు.

గుడారం గుమ్మం దగ్గర డెన్‌హామ్ దారి ఇవ్వడానికి పక్కకి తప్పుకున్నాడు. తప్పుకునేటప్పుడు, మేజరు లెఫ్టినెంటుకి చెయ్యనక్కర్లేనిది, టోపీ తీశాడు.

*

ఏటి దగ్గర జనరల్ గారి సామాన్ల బండి ఒకటి ఇసకలో దిగబడింది. సిపాయిలు చక్రాలకి భుజాలు పెట్టి తోస్తున్నారు. కాపలా నుంచి అప్పుడే వదిలిపెట్టిన జోనస్ వాళ్ళ మధ్యలో చక్రం కింద రాళ్ళు దిగ్గొడుతున్నాడు. ఒడ్డున టాబిత చేతులు కట్టుకుని నిలబడి ఉంది. హెస్కెత్ రావడం చూసి ఇద్దరూ ఆగారు.

"ఎన్ని దెబ్బలయ్యా?" అన్నాడు జోనస్.

"ఒక్కటీ లేదు."

"క్షమించారా?"

"లేదు. నేరమే లేదన్నారు."

జోనస్ చేతిలో రాయిని అటూ ఇటూ తిప్పాడు. నమ్మాలో వద్దో తెలీక కాదు. ఆ మాట బరువెంతో చూస్తున్నట్టుగా. "అలా అని రాసుందా?"

"రాసుంది. జనరల్ గారి చేత్తో. నేను చెప్పింది కూడా అలాగే ఉంది."

"మాకు చదువు రాదు గదండీ," అంది టాబిత. గొంతులో నిన్నటి పదును పోలేదు. "ఏం రాసుందో మాకెలా తెలుస్తుంది? చెప్పండి."

హెస్కెత్ చెప్పాడు. కాగితం దగ్గర లేదు, అవసరమూ లేదు. ఈ ఆజ్ఞ నా నోటితో ఇచ్చింది నేను. అది మనుషుల ప్రాణం తీసే ఆజ్ఞ అని తెలిసే ఇచ్చాను. దాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను. కనక జోనస్ ఆల్డర్‌సన్ ధిక్కరించిన ఆజ్ఞ ఏదీ లేదు. దాని కింద జనరల్ గారు రాసింది కూడా చెప్పాడు.

చక్రాలు తోసేవాళ్ళు తోయడం ఆపారు. సార్జెంటు ప్రౌట్ వాళ్ళని కసరలేదు. జోనస్ కళ్ళు నేల మీద పెట్టి, పెదాలు కదుపుతూ, తన పేరు దగ్గరికి వచ్చేదాకా ఒక్కో మాటా లోపల పేర్చుకున్నాడు.

"ఇంకోసారి చెప్పండయ్యా," అన్నాడు.

హెస్కెత్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గొంతు పెంచాడు, ఏటి అవతల ఒడ్డున ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా.